రెండూళ్ల బీడులో గొర్రె గంట

నేను ఒక గంటను. గంట అనగానే ఎత్తయిన గోపురం, దానికి వేలాడే తాడు, తాడు పట్టుకుని ఊగే మనిషి మీ కళ్లముందు కదిలితే వాటిని కాస్త పక్కన పెట్టండి. నేను గొర్రె మెడలో గంటను. గుప్పిట్లో పట్టేస్తాను. నా మోత కూడా చెప్పుకోదగ్గదేం కాదు. అడుగంటిన గిన్నెను గరిటెతో గీకుతుంటే మధ్యమధ్య అంచుకు తగిలినట్టు డొణుకు డొణుకుమంటుంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తే మంచిది. నాది పిరికి ప్రాణం. గొర్రె తల దించితే ఏ పిచ్చి ఆకు కొరుకుతోందోనని భయం. తలెత్తితే ఏ ఊరకుక్క కంటబడిందోనని భయం. కదలకుండా నిలబడితే మరీ భయం. లోకంలో తల్లులందరూ లోపల్లోపల పడే హైరానా నేను పైకి పడతాను, అంతే తేడా. వాళ్ల గుండె దడ పక్కవాళ్లకు కూడా వినబడదు. నాది కొండ అవతలికి వినబడుతుంది.

ఇంగ్లండులో ఉత్తరాన, చెట్లు తక్కువా గాలి ఎక్కువా ఉన్న కొండల మధ్య ఎల్డర్బీ అని ఒక ఊరు ఉండేది. ఎలిజబెత్ రాణి ఏలుతున్న రోజులవి. ఆ ఊరి కమ్మరి జెర్వేస్, చిల్లుపడిన పెనాన్ని కత్తిరించి, మడతపెట్టి, అంచులకు మేకులు బిగించి నన్ను చేశాడు. పైన ఇత్తడి ముక్కలు పరిచి, గడ్డి కలిపిన బంకమట్టిలో చుట్టి కొలిమిలో పెట్టాడు. పుట్టకముందే పోతున్నాననుకున్నాను. మట్టి లోపల ఊపిరాడదు, చుట్టూ నిప్పు, ఒంటిమీద ఇత్తడి కరిగి పాకుతోంది. చివరికి మట్టి పగలగొట్టి బయటకు తీసేసరికి నేను పచ్చగా మెరుస్తూ ఉన్నాను. చచ్చానని ఏడ్చిన చోటే మెరుగు ఎక్కిందన్నమాట. అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవలసింది. తెచ్చుకోలేదు.

ఎముక ముక్కతో నాలుక పెట్టి జెర్వేస్ నన్ను చెవి దగ్గర ఊపాడు. "దీనికేంటో కంగారు గొంతు వచ్చిందయ్యా," అన్నాడు, ఎదురుగా నిలబడ్డ కాపరితో. ఆ కాపరి పేరు కత్‌బర్ట్. "కంగారు గొంతే ఇవ్వు. నిమ్మళంగా మోగే గంట పెడితే నాకు నిద్ర పట్టేస్తుంది," అని నవ్వి నన్ను తీసుకుపోయాడు.

కత్‌బర్ట్ మందకు ముందు నడిచే పొట్టేలు ఒకటి ఉండేది. ముఖం నిండా ముడతలు, నడకలో తొందరన్నది లేదు. అందరూ దాన్ని తాత అనేవారు. నన్ను తాత మెడకు కట్టారు. తాత ఎటు పోతే మంద అటు పోయేది, మంద ఎటు పోతే కత్‌బర్ట్ అటు పోయేవాడు. చూడబోతే ఆ ఇంటిని నడిపింది తాతే. కానీ ఆ మాట మనుషులెవరూ ఒప్పుకోరు. కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్లే నడిపిస్తున్నారని వాళ్ల నమ్మకం.

ఒక చలికాలం జ్వరం వచ్చి కత్‌బర్ట్ పోయాడు. మంద అతని భార్య థామసీన్ చేతికి వచ్చింది. ఇంట్లో ఆమె అత్త సిసిలీ, కూతురు అన్నిస్. ముగ్గురు ఆడవాళ్లు, ఒక మంద, కొండవాలున ఒక రాతి కొంప. థామసీన్‌కు మాట పెగిలేది కాదు. ఊళ్లో ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే గుమ్మం వెనక్కి పోయేది. మనసులోది చెప్పుకోడానికి మనిషి లేక తాత మెడ నిమురుతూ అన్నీ తాతకే చెప్పుకునేది. తాత వినేవాడో లేదో తెలీదు, నెమరు వేస్తుండేవాడు. నేను మాత్రం పొల్లుపోకుండా వినేదాన్ని. ఆమె భయమూ నా భయమూ కలిస్తే ఇంక చెప్పేదేముంది, తాత మెడ కింద రెండు గంటలున్నట్టే.

ఆ దేశపు పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. పొలం పండినా, గొర్రె ఈనినా, ఉన్ని కత్తిరించినా అందులో పదో వంతు ఊరి చర్చికి ఇవ్వాలి. దశమ భాగం. మనసైతే ఇచ్చేదీ లేకపోతే మానేదీ కాదు, ఇవ్వనివాళ్లను కోర్టుకు పిలుస్తారు. పాదిరిగారి ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ భాగంతోనే. మంద విషయంలో అయితే, అది ఏ ఊరి నేల మీద మేసి ఏ ఊరి నేల మీద పడుకుంటుందో ఆ ఊరి చర్చికే గొర్రెపిల్ల వెళ్లాలి.

మా చిక్కంతా అక్కడే. మా మంద మేసేది పొడుగు బీడులో. పైన ఎల్డర్బీ, కింద మాస్కిల్, నడుమ ఆ బీడు. కంచె లేదు, గట్టు లేదు. పొలిమేర రాళ్లు ఉన్నాయంటారు కానీ బీడంతా రాళ్లే, అందులో పొలిమేర రాయి ఏదో దేవుడికి తెలియాలి. పాతకాలపు పాదిర్లు ఇద్దరూ స్నేహితులు. ఒక ఏడు గొర్రెపిల్లను ఎల్డర్బీ ఆయన తీసుకుంటే మరుసటి ఏడు మాస్కిల్ ఆయన తీసుకునేవాడు. ఈ ఒప్పందం వాళ్లిద్దరి మధ్య మాటగానే ఉండిపోయింది. ఇద్దరూ పోయారు, మాట కూడా పోయింది.

కొత్తగా ఎల్డర్బీకి పెల్ అయ్యగారు వచ్చారు. పొడుగ్గా, దగ్గుతూ ఉండే మనిషి. ఆయన ఇంటి కప్పు కురుస్తుందని, మంచాన్ని గది గదికీ జరుపుకుంటూ బతుకుతున్నారని చెప్పుకునేవారు. మాస్కిల్‌కు డ్రూరీ అయ్యగారు వచ్చారు. వయసులో చిన్నాయన. ఇంటినిండా పిల్లలు, ఒకడి చొక్కా ఇంకొకడికి వేస్తూ ఉండే ఇల్లాలు. ఇద్దరూ తమ ఊరి పెద్దల్ని అడిగారు. "పొడుగు బీడు గొర్రెపిల్ల మన చర్చికి వచ్చేదా?" అని. "వచ్చేదయ్యగారూ, నా కళ్లతో చూశాను," అన్నారు ఈ ఊరి పెద్దలు. ఆ ఊరి పెద్దలూ అదే అన్నారు. ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు. ఇంతమంది నిజం చెబితే ఎంత గొడవ అవుతుందో అప్పుడే చూశాను.

థామసీన్ నోరు లేనిది కదా. పెల్ అయ్యగారి మనిషి వచ్చి అడిగితే గొర్రెపిల్లను ఇచ్చింది. వారం తిరక్కుండా డ్రూరీ అయ్యగారి మనిషి వచ్చి అడిగితే ఇంకోదాన్ని ఇచ్చింది. అలా ఏళ్లు గడిచాయి. ఆ పైయేడు వసంతంలో మంచు విరుచుకుపడి, పుట్టిన పిల్లలు పుట్టినట్టే చాలామటుకు పోయాయి. మిగిలినవాటిలోంచి ఒకదాన్ని పెల్ అయ్యగారికి ఇచ్చింది. డ్రూరీ అయ్యగారి మనిషి వచ్చినప్పుడు అన్నిస్ గుమ్మంలో అడ్డం నిలబడింది. ఆ పిల్లకు తల్లి పోలిక లేదు, నాన్నమ్మ నోరు వచ్చింది.

"ఒక్క గొర్రె ఎన్ని చర్చిలకు పిల్లను కంటుందయ్యా? దానికేమన్నా రెండు మతాలున్నాయా?" అంది.

వచ్చినవాడు ఖాళీ చేతుల్తో వెళ్లాడు. తర్వాత బిషప్‌గారి కోర్టు నుంచి పిలుపు వచ్చింది.

థామసీన్ పట్నం నడిచి వెళ్లి, నడిచి వచ్చింది. వచ్చీ రాగానే తాత దగ్గర కూలబడింది. "అక్కడ ఏదో పూజల భాష మాట్లాడతారు తాతా, నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు," అని మొదలుపెట్టింది. చివర్లో ఎవరో దయతలిచి ఇంగ్లీషులో చెప్పారట. వచ్చే వసంతం పొలిమేర నడక వారంలో రెండు ఊళ్లూ కలిసి బీడు చుట్టూ నడవాలి. రెండు ఊళ్లలో పెద్ద వయసువాళ్లు ముందు నడిచి దారి చూపాలి. మంద పడుకునే చోటు ఏ ఊరి వైపు తేలితే దశమ భాగం ఆ ఊరిది. ఇన్నేళ్లూ రెండో ఊరికి ఇచ్చినవేవీ చెల్లవు. పరాయి చర్చికి భాగం ఇచ్చిన తప్పుకు, అలా ఇచ్చిన ప్రతి పిల్లకూ ఇంకో పిల్లను అసలు హక్కుదారుకు జరిమానాగా కట్టాలి.

"ఎవరు గెలిచినా మంద పోయినట్టే," అంది థామసీన్. "మంద పోతే బీడులో మన వంతు పోతుంది. అన్నిస్‌ను కొండ అవతల ఎవరింట్లోనో పనికి పెట్టాలి. అత్తను ఎవరు చూస్తారు? నేనెక్కడ పడుంటాను?"

తాత నెమరు ఆపాడు. నేను కదలకుండా ఉండలేక ఒక్కసారి డొణుకుమన్నాను. ఆ ఇంటి ముగ్గురినీ మూడు దార్లలో నడిచిపోతుండగా చూసేశాను, జరగకముందే. నా కన్ను ఎప్పుడూ ముందే చూస్తుంది, చెడునే చూస్తుంది.

పొలిమేర నడక అంటే ఏమిటో కూడా చెబుతాను. ఏటా వసంతంలో ఊరంతా చర్చి నుంచి బయలుదేరి తమ ఊరి హద్దుల వెంట కీర్తనలు పాడుకుంటూ నడుస్తారు. చిన్నపిల్లల్ని తీసుకెళ్లి, ప్రతి పొలిమేర రాయికీ వాళ్ల నెత్తి టకీమని తగిలిస్తారు. దెబ్బ తగిలితే చచ్చేదాకా గుర్తుంటుందని. పటం గీసుకునే ఖర్చు లేదు, పిల్లల నుదుళ్లే పటాలు. మునుపు ఈ నడకకు ముందు ఒకడు చేతిగంట మోగిస్తూ నడిచేవాడట. దేశం పాత చర్చి పద్ధతులు వదిలి కొత్త మతానికి మారాక, ఊరేగింపులో గంట పాత మతపు వాసన అని పైనుంచి ఉత్తర్వు వచ్చి ఆపేశారు. గంట లేకుండా మంచులో బీడు దాటే ధైర్యం లేక అప్పటినుంచి ఆ వైపు నడకే మానేశారు. రెండు ఊళ్లు ఒకే రోజు నడవడం ఎన్నడూ లేదు. దార్లో ఎదురుపడితే కర్రలు లేస్తాయని భయం.

ఎల్డర్బీ తరఫున దారి చూపాల్సిన పెద్దవయసు మనిషి మరెవరో కాదు, థామసీన్ అత్త సిసిలీ. మాస్కిల్ తరఫున హ్యూ అనే ముసలాయన. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బీడులో గొర్రెలు కాసినవాళ్లు, అప్పటి నుంచే ఒకరి మాట ఒకరికి గిట్టదు.

ఆ రోజు మంద బీడులో కనబడకూడదని ఇద్దరు పాదిర్లూ చెప్పారు. గొర్రెలుంటే చూసేవాళ్ల మనసు అటు మొగ్గుతుందట. థామసీన్ మందను ఇంటి పక్క దొడ్డిలోకి తోలి తడిక వేసింది. అంతటితో ఆమె భయం తీరలేదు. నేను మోగితే కావాలనే మోగించిందీ విధవరాలు అంటారేమోనని ఒక ఉన్ని ఉండ తెచ్చి నా నోట్లో కుక్కింది. జీవితంలో మొదటిసారి మూగదాన్నయ్యాను. భయమంతా లోపలే ఉండిపోయింది. మీ బాధ అప్పుడు తెలిసింది నాకు.

రెండు ఊళ్ల జనమూ మా దొడ్డి పక్కనే కలుసుకున్నారు. పెల్ అయ్యగారు దగ్గుతున్నారు. డ్రూరీ అయ్యగారు బూట్ల బురద చూసుకుంటున్నారు. ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు. సిసిలీ, హ్యూ మాత్రం అప్పుడే మొదలుపెట్టారు.

"పొలిమేర రాయి కింద వాగు పక్కనుంది. నా నెత్తి కొట్టించింది దానికే," అంది సిసిలీ, నుదుటి మీద మచ్చ చూపిస్తూ. వాగు పక్కనంటే బీడంతా ఎల్డర్బీకే.

"వాగు పక్కనా? నీ నెత్తి మరీ గట్టిగా కొట్టినట్టున్నారే. రాయి పైన ముళ్లపొద దగ్గరుంది. ఇదిగో నా మచ్చ," అన్నాడు హ్యూ. ముళ్లపొద దగ్గరంటే బీడంతా మాస్కిల్‌దే.

"నీ మచ్చ మీ ఆవిడ గరిటెది. ఊరంతటికీ తెలుసు."

"అది ఎడం పక్కది. ఇది కుడి పక్కది, కళ్లు పెట్టుకు చూడు."

జనం నవ్వారు. థామసీన్ నవ్వలేదు. గోడకు ఆనుకుని, పెదవులు కదలకుండా ఏదో ప్రార్థన చేసుకుంటోంది. ఏ రాయి గెలిస్తే తన ఇల్లు నిలబడుతుందో తెలియని మనిషి ఏమని ప్రార్థిస్తుంది?

కీర్తన ఎత్తుకుని జనం బీడులోకి వెళ్లారు. థామసీన్, అన్నిస్ వెనక నడిచారు. దొడ్డిలో మేమే మిగిలాం. తాతకు ఒక అలవాటుంది. పొద్దు కాస్త పైకెక్కిందంటే బీడు నడుమనున్న పల్లానికి పోయి పడుకోవాలి. రాజు చెప్పినా రాణి చెప్పినా ఆగే రకం కాదు. తడికకు నెత్తి ఆనించి ఒక్క తోపు తోశాడు. తడిక పడింది. మంద మొత్తం తాత వెంట బీడులోకి నడిచింది. నేను అరవాలని చూశాను. నోట్లో ఉన్ని.

దార్లో చిన్న కాలువ దాటుతుండగా తాత నీళ్లు తాగడానికి వంగాడు. ఉన్ని తడిసి బరువెక్కి జారి నీళ్లలో కొట్టుకుపోయింది. సరిగ్గా అప్పుడే కొండ మీదనుంచి పొగమంచు దిగింది. ఆ కొండల్లో మంచు మెల్లగా రాదు, దుప్పటి కప్పినట్టు వస్తుంది. తాత ముక్కు కూడా నాకు కనబడలేదు. బీడుకు ఒక పక్క ఊబి ఉంది, ఎద్దును మింగి గుర్తు కూడా మిగల్చనిది. అటునుంచి జనం కేకలు. "ఎటు పోవాలి?" "ఆగండ్రా!" "పిల్లల చేతులు పట్టుకోండే!" పాడుతున్న కీర్తన ముక్కలైపోయింది.

తాత నడక సాగించాడు. నేను మోగాను. డొణుకు, డొణుకు.

మంచులోంచి సిసిలీ గొంతు వినబడింది. "అదిగో గంట. గంట ముందు పోతోంది. పదండి."

"గంట ఆపించి ఎన్నేళ్లయిందే పిచ్చిదానా," అన్నాడు హ్యూ. అన్నాడే కానీ ఆయన కర్ర చప్పుడు కూడా నావైపే వస్తోంది. చిన్నప్పుడు మంచులో చేతిగంట వెనక నడిచిన కాళ్లు వాళ్లవి. ఉత్తర్వులు చెవికి అందాయి కానీ కాళ్ల దాకా పోలేదు. ముసలివాళ్లకు దారి తెలుసుననుకుని పడుచువాళ్లు వాళ్ల వెంట పడ్డారు. ఊరు నడుస్తోంది కదా అని పాదిర్లు కూడా నడిచారు.

"గంట ఎవరు మోగిస్తున్నారు? అది నిషేధం కదా!" అని డ్రూరీ అయ్యగారి గొంతు.

"మీ వాళ్లే అయ్యుంటారు," అని పెల్ అయ్యగారి దగ్గు.

"మా వాళ్లా? పాత అలవాట్లు పోనిది ఎల్డర్బీలోనండీ."

"అయితే ఆగి కనుక్కోండి."

"మీరు ఆగండి ముందు."

ఇద్దరూ ఆగలేదు. ఆగి గంట తప్పిపోతే ఊబి.

నా అవస్థ ఎలా చెప్పను. మోగితే నా వెంట వచ్చి మునుగుతారేమో. మోగకపోతే దారి తెలియక మునుగుతారేమో. ఇంతమంది తల్లులు, ఇంతమంది పిల్లలు, అందరి ప్రాణాలూ నా ఎముక నాలుక మీద. ఆపుకుందామన్నా తాత అడుగు వేస్తే నేను మోగక తప్పదు. తాత మాత్రం తన జన్మంతా నడిచిన బాటలో, ఎక్కడ నేల గట్టిగా ఉందో అక్కడే కాలు పెడుతూ, మనుషులన్న సంగతే తెలియనట్టు పల్లంలోకి దిగాడు. దిగి, చుట్టూ ఒకసారి తిరిగి, హాయిగా పడుకున్నాడు. మంద కూడా పడుకుంది.

పల్లంలో గాలి లేదు, మంచు పలచబడింది. ఒక్కొక్కరే దిగి వచ్చి నిలబడిపోయారు. రెండు ఊళ్లు, ఇద్దరు పాదిర్లు. ఎదురుగా వాళ్లను ఇంతదూరం నడిపించిన పెద్దమనిషి, నెమరు వేస్తూ. హ్యూ నవ్వడం మొదలుపెట్టాడు. కర్ర మీద వాలిపోయి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు పాకింది. పెల్ అయ్యగారికి నవ్వుతో దగ్గు, దగ్గుతో నవ్వు కలిసిపోతే డ్రూరీ అయ్యగారు ఆయన వీపు నిమిరారు.

థామసీన్ ఒక్కతే మంద వెనక్కి తప్పుకుంది. తన పొట్టేలే, తన గంటే. ఇప్పుడు తిట్లన్నీ తన నెత్తినే పడతాయని ఆమెకూ నాకూ ఏ అనుమానమూ లేదు.

సిసిలీ కాళ్లు నొప్పెట్టి, ఒక గొర్రెను అదిలించి అది పడుకున్న చదునురాయి మీద కూర్చుంది. కూర్చుని, చేత్తో రాయి అంచు తడిమింది. నవ్వు ఆపేసింది. అంచున ఒక పగులు, పిల్లల పిడికిలి పట్టేంత.

"లేవే అక్కణ్నుంచి," అన్నాడు హ్యూ. ఆయన గొంతు కూడా మారింది. "అది నా రాయి."

"నీ రాయేంటయ్యా? నెత్తి కొట్టించాక ఏడుస్తుంటే ఈ పగుల్లో ఎండు పళ్లు పెట్టి ఏరుకోమన్నారు నన్ను."

"నన్నూ ఏరుకోమన్నారు. ముందే ఎవరో తినేశారు."

"నేనే తిన్నాను," అంది సిసిలీ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాగు పక్కనా కాదు, ముళ్లపొద దగ్గరా కాదు. చిన్నప్పుడు తగిలిన దెబ్బ గుర్తుంది, దారి గుర్తులేదు. ఎవరి ఊరికి లాభమైన చోటికి వాళ్ల మనసు ఆ రాయిని ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దొర్లించుకుపోయింది. రాయి మాత్రం ఉన్నచోటే ఉంది. పొలిమేర దాని మీదుగా పోతోంది. దాని చుట్టూ మా మంద, సగం ఎల్డర్బీలో, సగం మాస్కిల్‌లో, తాత అయితే ముందుకాళ్లు ఒక ఊళ్లో, వెనకకాళ్లు ఇంకో ఊళ్లో పెట్టి పడుకుని ఉన్నాడు.

"అయితే ఏ ఊరివైపు తేలినట్టు?" అన్నారెవరో.

"రెండు వైపులా," అన్నారు పెల్ అయ్యగారు నెమ్మదిగా. "మంద రెండు చోట్లా పడుకుంటే భాగం కూడా రెండు చర్చిలదీ. సగం సగం."

"అంటే ఇన్నేళ్లూ ఆమె ఇచ్చినవాటిలో ఏదీ తప్పు కాదు," అన్నారు డ్రూరీ అయ్యగారు. బురద బూట్ల వైపు చూస్తూ, "తప్పంటే మనం ఇద్దరం నిండుగా తీసుకోవడమే," అన్నారు.

నాకు చెవులున్నాయో లేదో గానీ ఆ మాట నా ఇత్తడి పొరలోకి దిగింది. ఎవరూ గెలవకపోతే మంద నిలుస్తుందన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. భయపడేవాళ్లం రెండు చెడుల్నే చూస్తాం, మూడో దారి ఉండొచ్చని తోచదు.

ఇక ఈ ఏటి గొర్రెపిల్ల సంగతి. ఒకటే పిల్ల, ఇద్దరు హక్కుదార్లు.

"ముందు సగం మాకు, వెనక సగం మీకు," అన్నాడు హ్యూ.

"అరిచేది మీకు, పేడ వేసేది మాకా?" అంది సిసిలీ.

అప్పుడు థామసీన్ నోరు విప్పింది. ఆమె గొంతు రెండు ఊళ్లు వినడం అదే మొదలు. చేతులు కొంగులో చుట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, తాత వైపు చూస్తూ మాట్లాడింది.

"అయ్యగారూ, దాన్ని కొయ్యొద్దు. నా దగ్గరే ఉంచండి. నా మందతో పాటు మేపుతాను. దాని ఉన్ని ఏటేటా ఇద్దరికీ చెరిసగం. అది ఈనితే దాని పిల్లలు కూడా మీ ఇద్దరివీ. దానికి రోగమొచ్చినా నొప్పొచ్చినా నేను చూసుకుంటాను. చూసుకోవడం... చూసుకోవడం నాకు బాగా వచ్చయ్యా. ఎప్పుడూ దాని మీదే ఉంటుంది ధ్యాస."

పెల్ అయ్యగారు డ్రూరీ అయ్యగారి వైపు చూశారు. డ్రూరీ అయ్యగారు పెల్ అయ్యగారి వైపు చూశారు. గొర్రెపిల్ల అవతలివాడి దొడ్డిలో ఉండకపోతే చాలునన్న సంగతి ఇద్దరి ముఖాల్లోనూ కనబడింది. "సరే," అన్నారు ఇద్దరూ ఒకేసారి. మనుషులు మంచి పని చేయడానికి ప్రతిసారీ మంచి కారణమే ఉండాలని లేదు. ఆ పూట నాకు ఆ కారణమే ముద్దొచ్చింది.

అన్నిస్ ఆ పిల్లకు రెండూళ్లది అని పేరు పెట్టింది. అది పెరిగింది, ఈనింది. దాని పిల్లలు ఈనాయి. మంచుకు తట్టుకున్న జాతి. కొన్నేళ్లకు మా మందలో సగానికి సగం పాదిర్ల గొర్రెలే. మేపినందుకు పాలన్నీ థామసీన్‌వి. పెల్ అయ్యగారి ఇంటి కప్పు బాగుపడింది. డ్రూరీ అయ్యగారి పిల్లలకు ఎవరి చొక్కా వాళ్లకు వచ్చింది.

నేను మాత్రం ఇంకేదో ముంచుకొస్తుందని చూస్తూనే ఉన్నాను. వచ్చింది కూడా. ఒక భూస్వామి పొడుగు బీడును కలిపేసుకుని చుట్టూ కంచె వేస్తానని మనుషుల్ని పంపాడు. అలాంటి చోట్ల మామూలుగా పేదవాళ్లు ఏడుస్తారు, పాదిర్లు ఓర్చుకోమని ప్రసంగం చేస్తారు. ఇక్కడ అలా జరగలేదు. బీడులో మేస్తున్నది పాదిర్ల గొర్రెలు. ఇద్దరూ రెండు చర్చిల్లో ఒకే ఆదివారం ఒకే ప్రసంగం చేశారు, కోర్టులో పక్కపక్కనే నిలబడ్డారు. కంచె కోసం తెచ్చిన మేకులు తిరిగి బండెక్కాయి.

తాత తన పల్లంలోనే, రెండు ఊళ్లలో కాళ్లు చాపుకుని కన్నుమూశాడు. నన్ను రెండూళ్లది మెడకు కట్టారు, దాని తర్వాత దాని కూతురి మెడకు. ఎముక నాలుక అరిగి అరిగి ఒకనాడు రాలిపోయింది. కొత్త నాలుక పెట్టిద్దామని అన్నిస్ అంది. అప్పటికి అన్నిస్‌కు పెళ్లయింది, మాస్కిల్ కుర్రవాడే ఆ ఇంటికి వచ్చి ఉంటున్నాడు. మందను నడిపేది ఆమే. థామసీన్ నన్ను చేతిలోకి తీసుకుని తుడిచి, "ఇది చాలా కంగారు పడిందే. ఇంక కూర్చోనీ," అని పొయ్యి పక్క అరలో పెట్టింది.

పాడైన గంటలకు దక్కేది ఇనప తుక్కు కుప్ప. నాకు పొయ్యి పక్క చోటు దక్కింది.

మొన్న వసంతంలో మళ్లీ మంచు కురిసింది. డ్రూరీ అయ్యగారు, ఇప్పుడు ఆయనకూ జుట్టు నెరిసింది, నడుం దాకా తడిసి తలుపు తోసుకుని వచ్చారు. అంగీ లోపల ఏదో కదులుతోంది. తల్లి పోయిన గొర్రెపిల్ల. ఈ ఏటి దశమ భాగపు పిల్ల. వణికిపోతోంది, మెడ నిలవడం లేదు.

"పోతుందంటావా థామసీన్?" అన్నారు ఆయన. కాలేజీ చదివిన మనిషి, మోకాళ్ల మీద కూర్చుని అడుగుతున్నాడు.

"అయ్యగారూ, చలి మీ సగానికా, పెల్ అయ్యగారి సగానికా?" అంది థామసీన్. ఆమె హాస్యమాడటం నేను చూసింది అప్పుడే. అంటూనే అరలోంచి నన్ను తీసి, తలకిందులు చేసి, గోరువెచ్చని పాలు నాలో పోసింది. నోరంతా వెడల్పు కదా నాకు, గిన్నెకన్నా అనువుగా చేతిలో కుదురుతాను. ఒక గుడ్డ పీలిక పాలల్లో ముంచి పిల్ల నోటికి పెట్టింది.

పిల్ల చీకలేదు. మళ్లీ ముంచింది. చీకలేదు. అయిపోయిందనుకున్నాను. పాలు మరీ వేడెక్కాయేమో, మరీ చల్లారాయేమో, నా ఇత్తడి రుచి తగిలిందేమో. నాలుక ఉంటే ఆ పూట ఊరంతా లేచి వచ్చేలా మోగేదాన్ని. మోగలేక, ఉన్నచోటే ఉండి, నాలోని పాలను వెచ్చగా పట్టుకున్నాను.

మూడోసారి ముంచినప్పుడు పిల్ల నాలుక కదిలింది. పీలికను లాగింది. ఇంకాస్త లాగింది. తర్వాత పీలికను వదిలేసి ముక్కు నాలోకే దూర్చేసి, తోక ఊపుకుంటూ, అడుగు దాకా తాగేసింది.